పుదీనా మడికి పోసిన హైపో నీళ్లు

డెబ్బైల్లో యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక ఇంటి ముందుగదిలో ఫోటో స్టూడియో పెట్టాను. వెనక గది డార్క్‌రూమ్. ఇంటావిడ భర్త రైల్వే గ్యాంగ్‌మన్, అప్పటికే చనిపోయాడు. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని. పెరట్లో ఆమెకు చిన్న పుదీనా మడి ఉండేది. కట్టలు కట్టి బజార్లో అమ్ముకునేది. ఆమె బతుకంతా ఆ మడే.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఫోటోలు కడిగిన నీళ్లు నేను వీధి మురుగు మోరీలో పోస్తుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

"గవ్వెందుకు పారబోస్తవ్ కొడుకా? నా మడిల పొయ్యి."

మొదట్లో ఆఖరిసారి కడిగిన నీళ్లే పోశాను. ఫోటో చెరిగిపోకుండా ముంచే హైపో మందు మాత్రం మోరీకే. కానీ మోరీ వీధి అవతల, మడి డార్క్‌రూమ్ వెనక గుమ్మం పక్కన. నా బద్ధకం సంగతి చెప్పేదేముంది? వానాకాలం వచ్చేసరికి హైపో కూడా మడికే పోస్తున్నాను. నీళ్లు కలిపాను కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒకరోజు మడిలోని వానపాములు పట్టపగలు ఎండలోకి వచ్చేశాయి. ఒంటి నిండా పుండ్లు. ఇదివరకు పార తగిలినా గాయం మానిపోయేది. ఇప్పుడు చిన్న గీత పడితే చాలు, అక్కడే కుళ్లిపోతున్నాయి. పుదీనా ఆకు పసుపు రంగుకు తిరిగింది.

"ఎవల దిష్టో తాకింది" అంది పెద్దమ్మ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. చెబితే గది ఖాళీ చేయమంటుందని భయం.

ఇంకా కదులుతున్న వానపాముల్ని ఆమె ఏరి, కుండలో మట్టిపోసి నా దగ్గరికి తెచ్చింది.

"ఎర్రలకు చీకటి గావాలె. నీ గదిల మస్తు చీకటుంటది గద. జర సూసుకో."

చంపినవాడికే అప్పగించింది. హైపో తొట్టి పక్కనే కుండ పెట్టుకుని పనిచేశాను. పొద్దున్నే చూస్తే ఒక్కటీ బతికిలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. మలక్‌పేటలో తెలిసినవాళ్ల పెరడు తవ్వి, మంచి వానపాముల్ని తెచ్చి కుండలో వేసి, ఆమెకిచ్చాను.

"బతికిచ్చినవ్ కొడుకా!" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత ఏం జరుగుతుందో నా బుర్రకు తట్టనేలేదు. ఆమె కుండ పట్టుకుని నేరుగా మడి దగ్గరికి నడిచింది. వద్దనాలి. అంటే ఎందుకని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా ఆమె వెనకే మడిదాకా నడిచాను.

కుండ బోర్లించింది. వానపాములు ఆ మట్టిలోకి దిగలేదు. గట్టెక్కి బయటికి పాకడం మొదలుపెట్టాయి.

"సూడు, ఇల్లు సూసి ఎట్ల ఉరుకుతున్నయో" అని నవ్వుతూ ఒక్కొక్కదాన్నీ మళ్లీ మడిలోనే పెడుతోంది. ఒకటి నా కాలి దగ్గరిదాకా వచ్చింది.

"గదాన్ని గూడ అందియ్యి కొడుకా."

తీసి ఆమె చేతిలో పెట్టాను.