కోర్టుకెక్కిన మామ పూజ ఫోటో

ఈ సంతోషం మీతో పంచుకోకుండా ఉండలేకపోతున్నాను!

ఇబ్రహీంపట్నంలో వెల్డింగ్ షాపు నడిపే మా అన్న, పత్తి కట్టెను వేర్లతో సహా పీకే మిషిన్ తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. దాని పళ్లను కాపీ కొట్టారని ఒక కంపెనీ మీద కేసు వేశాడు. విచారణ మొదలయ్యాక చూస్తే, వాళ్ల కొత్త మోడల్‌లో అన్న పెట్టిన స్ప్రింగు పిడి కూడా ఉంది! దాన్నీ కేసులో చేర్చమని అడిగితే, "ఎప్పుడో తెలిసి ఇప్పుడు అడుగుతున్నారు" అని ఈ రోజు వాళ్ల లాయర్ అడ్డుపడ్డాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని జడ్జి గారు అన్ననే అడిగారు.

"మా యాదయ్య మామ గా కంపెనీ కొత్త మిషిన్ కొని, కొబ్బరికాయ కొట్టి, ఫోటో మా ఇంటోళ్ల గ్రూపుల పెట్టిండు సార్. గప్పుడే చూసిన."

"చూసి ఏం చేశావు?"

"మామను మస్తు తిట్టిన సార్. తెల్లారే లాయర్ సాబ్ దగ్గరికి ఉరికిన."

మా లాయర్ ఆ గ్రూపు తెరిచి చూపించాడు. పసుపు బొట్లు పెట్టిన మిషిన్, దాని కిందే అన్న తిట్టు, రెండింటికీ తేదీ, మేం కోర్టును అడగడానికి కొద్ది రోజుల ముందుదే! జడ్జి గారు నవ్వు ఆపుకుంటూ, ఆలస్యమేమీ లేదు, స్ప్రింగునూ చేర్చుకోండి అన్నారు. వెనక బెంచీలో కూర్చున్న నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

ఆ ఫోటో పెట్టిన నాటి నుంచి మామతో మాట్లాడని అన్న, సాయంత్రం స్వీట్ల డబ్బాతో వాళ్లింటికి వెళ్లాడు.

"తిట్టినందుకు మాఫీ అడగవారా?" అన్నాడు మామ.

"ఎట్లడుగుత మామా? గా తిట్టుతోనే గట్టెక్కినం గద!"

గ్రూపులో తిట్టి డిలీట్ చేసే అలవాటు నేనైతే ఈ రోజే మానేశాను. మరి మీరు?