బిందెడు నీళ్లు అడిగిన గిటార్

చర్చిలో పాటలకు గిటార్ వాయించే మా అమ్మాయికి మంచిది కొందామని ఈ రోజు మార్కాపురం నుంచి గుంటూరు వెళ్లాం. నేను ముందే ఎంచి పెట్టుకున్న రెండు కంపెనీలవి వాయించి చూసింది. రెండోదాన్ని ఒళ్లోంచి దించలేదు.

“మార్కాపురమా? ఇవి రెండూ అసలు చెక్కవి అమ్మా. మీ పొడి గాలికి పగుల్తాయి. గదిలో తేమ ఉండాల,” అన్నాడు దుకాణం ఆయన.

“నీళ్ల బిందె పెడతాంలే అన్నా,” అన్నాను.

మా అమ్మాయి నవ్వింది. “ఎండాకాలం మనం తాగేదానికే ట్యాంకర్ కోసం కాచుకుంటాం. దీనికి యాడ తెస్తావమ్మా?” అని గిటార్‌ను తనే స్టాండు మీద పెట్టేసింది.

పొడి గాలికి పగలదని ఆయన చూపిన ప్లైవుడ్‌ది కొన్నాం. తిరిగొచ్చే దారిపొడవునా మా అమ్మాయి దాని సంచి జిప్పు తీయలేదు.

ధర, చెక్క, కంపెనీ అన్నీ పోల్చుకున్నాను గానీ మా ఊరి గాలిని లెక్కలోకి తీసుకోలేదు. మన వైపు అసలు చెక్క గిటార్‌ను పగలకుండా కాపాడుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఉండరనే అనుకుంటున్నాను.