వగరుకి ఇంగ్లీషు మాట

గురువారం ఉదయం ఆరు గంటలకు అబూధాబీ టాక్సీ స్టాండులో ఉన్నాను. చేతిలో చిన్న బ్యాగు, అందులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లప్యాంటు. దుబాయ్ వెళ్తున్నది వైన్ రుచి చూడడానికి. తాగడానికి అంత దూరం టాక్సీ కట్టించుకుని వెళ్ళేవాడి గురించి మా ఊళ్ళో ఎవరూ మంచిమాట అనరు. అందుకని కారణం ముందే చెప్పేస్తాను.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నేను అబూధాబీలో ఒక పెద్ద హోటల్లో వెయిటర్‌ని. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఆరేళ్ళుగా దొరల బల్లల మీద వైన్ సీసాల బిరడాలు లాగాను గాని, ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. వేసుకున్నట్టు తెలిస్తే ఖలాస్, పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తారు. మా యజమానికే దుబాయ్‌లో ఇంకో హోటలుంది. అక్కడ పాత వైన్లు వడ్డించే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు నిలవున్న ఎర్ర వైన్ రుచి చూసి, ఆ రుచి ఎలా ఉందో అతిథికి మాటల్లో చెప్పగలిగినవాడు కావాలట. మా ముదీర్, అంటే మేనేజరు, నా పేరు పంపాడు.

ఆ ఉద్యోగంతో పాటు ఫ్యామిలీ వీసా, ఒక గది ఇస్తారు. నాకు కావలసింది ఆ గది. నా భార్య సత్యవతి నాలుగేళ్ళుగా దుబాయ్‌లోనే, జుమేరాలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తోంది. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నాం, ఒకే కప్పు కింద ఒక్క రాత్రి కూడా లేము. రెండు నెలలకోసారి శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి వెనక గేటు దగ్గర నిలబడి గంటసేపు మాట్లాడుకోవడమే మా కాపురం. ఆమె కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉంటావో లేదో శుక్రవారం సాయంత్రానికి చెప్పమని వాళ్ళ మేడం గడువు పెట్టింది. నాకు ఉద్యోగం వస్తే లేదని చెప్పి నా గదికి వచ్చేస్తుంది.

టాక్సీలో ఐదుగురు నిండితే గాని పఠాన్ డ్రైవరు కదలడు. ఆరూ నలభైకి నిండింది. మనిషికి పాతిక దిర్హాములు. వెళ్ళేవాళ్ళకి ఒక సలహా, వెనక సీటు మధ్యలో కూర్చోకండి. చల్లగాలి అక్కడిదాకా రాదు, రెండు పక్కలవాళ్ళ నిద్ర మాత్రం మీ భుజాల మీదే పడుతుంది. నా పక్కన సియాల్‌కోట్ దర్జీ ఒకాయన కూర్చున్నాడు. ఎందుకు వెళ్తున్నావని అడిగితే ఇంటర్వ్యూ అన్నాను. ఏం పనికని అడిగితే హోటల్ పని అన్నాను. ఆ పెద్దాయన చేతులు రెండూ పైకెత్తి నాకోసం దువా చేశాడు. వైన్ సీసాల కోసం దేవుణ్ణి అడిగించినందుకు నాకు సిగ్గనిపించింది. కాని ఆయన్ని ఆపలేదు. ఎవరి దేవుడైనా సరే, ఆ రోజు నాకు కావాలి.

తొమ్మిదికి ముందే బర్ దుబాయ్‌లో దిగాను. మలబారీ హోటల్లో పరోటా, గుడ్డు, పాలు లేని సులేమానీ టీ. అక్కడినుంచి బట్టల దుకాణాల మధ్యగా నడిచి రేవుకు వెళ్ళి, పావు దిర్హం ఇచ్చి పడవెక్కి క్రీక్ దాటాను. అవతలి ఒడ్డునే ఆ హోటలు. పదింటికి వెనక ద్వారం దగ్గర పేరు రాయించుకుని, స్టాఫ్ గదిలో చొక్కా మార్చుకున్నాను.

నాతో పోటీకి వచ్చినవాడు ఒక్కడే, గోవా అతను. మర్యాదస్తుడు, మంచి ఇంగ్లీషు. పాపం పొద్దుటినుంచి రుమాలు ముక్కు దగ్గరే ఉంది.

సరిగ్గా పదకొండింటికి మమ్మల్ని కింద చల్లటి గదిలోకి పిలిచారు. పరీక్ష పెట్టే ఫ్రెంచి దొరకి యాభై ఏళ్ళుంటాయి, బట్టతల, చాలా మెల్లగా మాట్లాడాడు. బల్ల మీద మూడు సీసాలు నిటారుగా ఉన్నాయి. పాత వైన్‌లో మడ్డి ఉంటుందని, అది అడుక్కి దిగాలని రెండు రోజుల కిందటే నిలబెట్టారట. ఆయన కొవ్వొత్తి వెలిగించి, సీసా మెడని మంట పైన పట్టుకుని, గాజు కూజాలోకి సన్నటి ధారగా వంచాడు. మడ్డి మెడ దాకా రాగానే టక్కున ఆపాడు. మా అమ్మ చింతపండు రసం తేర్చి వంచేటప్పుడు ఇలాగే ఊపిరి బిగబట్టేది. ఇంతేనా ఈ విద్య అనుకున్నాను. ఆ కాస్త ధైర్యమే కొంప ముంచింది.

నోట్లో తిప్పి బకెట్టులో ఉమ్మెయ్యమన్నాడు. ఎంగిలి ఉమ్మడం కోసం పింగాణీ బకెట్టు పెట్టడం అక్కడే చూశాను. మొదటి సీసాకి పదేళ్ళు దాటలేదు. నోట్లో పోసుకోగానే నాలుక పట్టేసింది, చిగుళ్ళు బిగుసుకున్నాయి. చేదు కాదు, పులుపు కాదు. నాకు లోపల నవ్వొచ్చింది. ఇదా దొరలు ఇంత డబ్బు పోసి తాగేది! మాకు తెలియని రుచి కాదిది. శుద్ధ వగరు. రెండో సీసాలో అదే వగరు సగం తగ్గి, పండిన నేరేడుపండు రుచి బయటికొచ్చింది.

మూడోదానికి ఇరవై ఏళ్ళ పైన. గ్లాసు వంచి చూస్తే మధ్యలో ఎరుపు, అంచున ఇటుక రంగు. వాసన చూస్తే మొదట పాత కర్రపెట్టె తెరిచినట్టుంది, తరవాత పొగాకు ఆరబెట్టే బేరన్ లోపలి వాసన వచ్చింది, కాసేపటికి తొలకరి పడ్డ మన్ను. నోట్లో వగరు ఉందో లేదో అన్నట్టుంది. మింగాక నిమిషంసేపు నోరంతా తియ్యగా ఉండిపోయింది, ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినప్పటిలా. మొదటి సీసాలో నాలుకని పట్టేసిన ఆ వగరే దీన్ని ఇన్నాళ్ళు నిలబెట్టిందని, కాలమే దాన్ని ఇలా మెత్తబరిచిందని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అంత గొప్ప వస్తువుని ఉమ్మబుద్ధి కాలేదు, అందుకే మింగేశాను. ఆరేళ్ళుగా నేను మోసింది ఏమిటో ఆ ఒక్క గుక్కతో అర్థమైంది. అది నిజమైన సంతోషం, ఇప్పటికీ అబద్ధం చెప్పలేను.

తరవాత మాటల వంతు. దొర మొదటి సీసా చూపించి నన్నే ముందు అడిగాడు, నోట్లో ఏం తెలిసిందని. వగరు అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. దానికి ఇంగ్లీషేమిటి? స్వీట్, సవర్, సాల్ట్, హాట్, బిట్టర్. హోటల్లో నేర్పినవి అవే. మనకి ఆరు రుచులు. వాళ్ళు నాకు నేర్పినవి ఐదు. ఆరోది నా నోట్లో ఉంది, దాని పేరు నా దగ్గర లేదు. దొర కళ్ళు నా మీదే ఉన్నాయి. దగ్గరగా ఉన్నది పట్టుకుని బిట్టర్ అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. నాకు కంగారు పుట్టింది. బిట్టర్ కాదు సార్, పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేస్తుంది చూడండి, అదీ అని చెప్పబోయి, నాకొచ్చిన ఇంగ్లీషులో బనానా అన్నాను. మా ఇళ్ళలో అరటికాయ కోస్తే చేతులు నల్లబడతాయని, దాని వగరు పోవాలని మజ్జిగ నీళ్ళలో వేస్తారని ఆయనకేం తెలుసు? ఆయనకి తెలిసింది పసుపుపచ్చ పండు. ఎర్ర వైన్‌లో అరటిపండు వాసన చవకరకం కొత్త వైన్లకే వస్తుందట. కాగితం మీద ఏదో రాసుకుని మెల్లగా అన్నాడు. "అతిథి ముందు నువ్వు బిట్టర్ అన్నావంటే సీసా వెనక్కి వస్తుంది. బనానా అన్నావంటే అతిథే మళ్ళీ రాడు."

మూడో సీసా గురించి చెబుతానన్నాను. కర్రపెట్టె, పొగాకు, తడిమన్ను, వాటికి ఇంగ్లీషు నా దగ్గర ఉంది. అవసరం లేదన్నట్టు చెయ్యెత్తాడు. గోవా అతను లేచి, మూడింటికీ వరసగా వెల్వెట్ అని, ఎలిగెంట్ అని, లాంగ్ ఫినిష్ అని చెప్పాడు. పన్నెండున్నరకి ఉద్యోగం అతనిదైపోయింది.

స్టాఫ్ క్యాంటీన్లో అన్నం, దాల్, చేప ఊరికే పెట్టారు. గోవా అతను నా ఎదురుగా వచ్చి కూర్చుని, తలెత్తకుండా హిందీలో ఒక నిజం చెప్పాడు. "భాయీ, నాకు మూడు రోజులుగా జలుబు. ఏ గ్లాసులో ఏ రుచీ తెలియలేదు. రాత్రి వైన్ల కేటలాగు చదివి వచ్చాను." అతన్ని తిట్టడానికి నోరు రాలేదు, అతనికీ పెళ్ళాం పిల్లలు ఉంటారు. కాని ఆ నిజం నాకు చెప్పకుండా ఉండాల్సింది. రుచి తెలిసినవాడికి మాట లేదు, మాట ఉన్నవాడికి ముక్కు లేదు. పెద్ద హోటళ్ళలో న్యాయం ఇలాగే ఉంటుంది.

ఆ రాత్రి బస బర్ దుబాయ్‌లో నాకు తెలిసిన లింగయ్య గదిలో. జగిత్యాల వైపు మనిషి, లాండ్రీలో పని. పన్నెండుమంది పడుకునే గదిలో నాకో చాప ఇచ్చి, కోడికూర వండిపెట్టాడు. జరిగింది విని ముందు నవ్వాడు. "గదేం పరీక్షనే అన్నా? తాగుడు పరీక్ష మా ఊళ్ళె పెడితె అందరు ఫస్ట్ క్లాసే." నేను నవ్వలేదని చూసి పక్కన కూర్చున్నాడు. వదినెకు ఎట్ల చెప్తవని అడిగాడు.

శుక్రవారం మూడు గంటలకు జుమేరాలో ఆ ఇంటి వెనక గేటు దగ్గరికి వెళ్ళాను. నమాజు, భోజనాలు అయి ఇల్లంతా నిద్రలో ఉంది. సత్య అప్పటికే గేటు లోపల నిలబడి ఉంది. తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుంది. నా ముఖం చూసింది.

"పోయిందా బావా?"

అంతా చెప్పాను. వైన్ గొప్పగా ఉందని కూడా చెప్పాను, అది ఎందుకు చెప్పానో తెలియదు. కిందికి చూస్తూ వింది. తరవాత అడిగింది. "వగరుకి ఇంగ్లీషులో మాటే లేదా?"

"ఉందేమో. నాకు రాదు."

"ఆరేళ్ళు వాళ్ళ మధ్యనే ఉన్నావు కదా బావా. ఎవర్నీ అడగలేదా?"

అందులో కోపం లేదు. కోపమైనా ఉంటే తట్టుకునేవాణ్ణి. ఇంతలో లోపల మేడం లేచిన అలికిడైంది. సత్య కొంగుతో ముఖం తుడుచుకుని, ఉండు, చెప్పేసి వస్తానని లోపలికెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "చెప్పేసేను. రెండేళ్ళు." టీ వేళయిందని పిలుపొచ్చింది. గేటు చువ్వల్లోంచి నా చొక్కా కాలరు సరిచేసి వెళ్ళిపోయింది. ఆ రోజు మాకు గంట కూడా దక్కలేదు.

ఐదింటికి తిరుగు టాక్సీ. ఈసారి నా పక్కన ఒక మలయాళీ, అబూధాబీలో మందుల షాపులో పనిచేస్తాడట. జబల్ అలీ దాటాక, ఉండబట్టలేక హిందీలో అడిగాను. పచ్చి అరటికాయ కొరికితే నాలుక బిగుసుకునే ఆ రుచిని ఇంగ్లీషులో ఏమంటారని. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆస్ట్రింజెంట్. మా షాపులో గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ సీసాల మీద కూడా ఉంటుంది" అన్నాడు. బస్సు టికెట్టు వెనక రాసి కూడా ఇచ్చాడు. పది నిమిషాల్లోనే నాకు అది నోటికి వచ్చేసింది, ఏడుంబావుకి అబూధాబీలో దిగాను.

పాత ఎర్ర వైన్ ఎలా ఉంటుందని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మొదట వగరు, పోను పోను మెత్తబడుతుంది, ఆఖరికి తీపి మిగులుతుంది. దొరికితే ఉమ్మకండి, మింగండి. ఆస్ట్రింజెంట్ అన్నది పెద్ద కష్టమైన మాటేం కాదు, నేర్చుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అది ఒక్క రోజు ఆలస్యంగా తెలిసింది, అందుకు సత్య ఇంకో రెండేళ్ళు ఆ ఇంటి వెనక గదిలో పడుకుంది.