మోకాలి మీది పసుపు

మా బోధన్‌లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. ఆ కోచ్ తన పేరు కోసం, మానని మోకాలితో పిల్లను గ్రౌండులోకి దింపాడట, బంగారం లాంటి ఆట మట్టి చేశాడట. పోయిన చలికాలం ఆయన చనిపోతే, దినాల భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని కూడా ఇదే మాట. పక్కన కూర్చున్నాయన నా మీద జాలి పడి, "మంచోడే గని, జర తొందరెక్కువ" అన్నాడు. ఆ పిల్ల నా బిడ్డ. తొందర ఎవరిదో నాకు తెలుసు.

ఇంకో అబద్ధం కూడా ప్రచారంలో ఉంది. నా బిడ్డకు ఫుట్‌బాల్ పుట్టుకతోనే వచ్చిందట. ఏమీ రాలేదు. పదిహేనేళ్లప్పుడు బంతి ఎటు పోతే అటు ఉరికేది, తప్పించుకున్న కోడిపిల్ల వెంట పడ్డట్టు. నేర్పింది ఆయనే. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ జట్టుకు ఆడిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డా బూట్లు మూలకు వేయలేదు. రోజూ సాయంత్రం వలసంచి నిండా బంతులతో సైకిల్ మీద వచ్చేవాడు.

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. గ్రౌండు గట్టు మీద కూర్చుని పేపర్లు దిద్దుకుంటూ చూసేదాన్ని. నాకు ఊరికే చూడడం చేతకాదు. మొదటి నెలంతా మ్యాచ్ అన్నదే లేదు. బంతి తన దగ్గరికి వస్తుండగానే పిల్ల మెడ తిప్పి వెనక్కి చూడాలి. వెనక నిలబడి ఆయన వేళ్లు చూపేవాడు. "ఎన్ని?" అనేవాడు. "మూడు" అని చెప్పాకే బంతి అందుకోవాలి. తప్పితే మళ్లీ మొదటికి.

"ఏంది సార్, ఆట నేర్పుతున్నరా, ఎక్కాలు నేర్పుతున్నరా?" అన్నాను ఒకరోజు.

"బంతి కాళ్ల కాడికొచ్చినంక సూస్తే ఏం లాభం మేడం? అప్పటికే ఎవలో ఒకలు గుంజుకపోతరు. ముందుగాల సూసినోళ్లకే టైం దొరుకుతది."

తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. ఆట ఆపి, "గటు దిక్కెందుకు పాసిచ్చినవ్ బిడ్డా?" అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. జవాబు ఆయనకు తెలుసు. గట్టు మీదున్న నాకూ తెలుసు. అయినా అది పిల్ల నోటినుంచే రావాలి. ఒకసారి ఎంతకీ రాలేదు.

"చెప్పేయండి సార్, పొద్దుగూకుతున్నది!" అని అరిచాను.

"నేను జెప్తే రేపటికి మర్చిపోతది మేడం. ఆగుండ్రి."

రెండేళ్లు అట్లా గడిచాయి. వేరే రాష్ట్రపు క్లబ్బు ఒకటి నా బిడ్డను జీతానికి తీసుకుంది. అక్కడికి వెళ్లాక కూడా ఆదివారం ఆదివారం మ్యాచ్ వీడియో ఈయనకు పంపేది. ఈయన ఫోన్ చేసి మూడంటే మూడు ప్రశ్నలు అడిగేవాడు. తొలి ఏడాదే, తనకంటే పెద్దవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి నా బిడ్డను ఆడించారు.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు మోకాలు మెలిపడింది. ఆయనే నిజామాబాద్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. లోపల లిగమెంటు కొంచెం చినిగింది, కోత అక్కర్లేదు, ఆరు వారాలు ఆడొద్దు, కాపడం పెట్టొద్దు, రుద్దొద్దు అన్నాడు డాక్టర్. క్లబ్బు క్యాంపు నెల రోజుల్లో ఉంది. రాకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"క్యాంపు పోతే పోనియ్యిండ్రి. కాలుంటే ఇంకోటొస్తది. క్లబ్బోళ్లతోని నేను మాట్లాడుత" అన్నాడు కోచ్.

అదే వారం మా అత్తమ్మ మాక్లూర్ నుంచి చేలో పండిన పసుపు పట్టుకొచ్చింది. "దునియా అంతా మన పసుపు కొనుక్కపోయి మందులు జేస్కుంటరు. మన పిల్లకు మనం పెట్టుకోవద్దా?" అంది. కాలేజీలో పాఠాలు చెప్పే నేను ఒక్క ఎదురుమాట అనలేదు. నువ్వుల నూనెలో పసుపు కాచి, వేడివేడిగా రుద్ది, గుడ్డతో బిగించి కట్టాను. రెండు పూటలా. పన్నెండో రోజుకు వాపు తీసింది. పిల్ల మెట్లెక్కింది. డాక్టర్ మీద వాదన గెలిచాననుకున్నాను.

"అమ్మా, సార్‌నొకసారి అడుగుదమా?"

"ఏమడుగుతవ్? తగ్గింది కనిపిస్తలేదా? ఆరు వారాలని అందరికీ అదే రాసిస్తరు."

నాలుగో వారం గ్రౌండుకు తీసుకుపోయాను. కోచ్ నన్ను ఎగాదిగా చూశాడు.

"డాక్టర్‌కు మళ్ల సూపిచ్చిండ్రా?"

"చూపించినం సార్. ఆడొచ్చన్నడు."

"కాయితం?"

"ఇంట్ల ఉన్నది."

నమ్మాడు. మెల్లగా పాసులు మాత్రమే ఇయ్యమన్నాడు. పావుగంట కూడా కాలేదు. బంతి వస్తుంటే నా బిడ్డ ఎప్పటిలాగే మెడ తిప్పి వెనక్కి చూసి, ఒంటికాలి మీద గిర్రున తిరగబోయి కూలిపోయింది. ఆ అరుపు గట్టు మీద పేపర్ల దాకా వచ్చింది.

నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆయన మోకాలి తొడుగు కిందికి లాగుతున్నాడు. మోకాలి ముడతల్లో పసుపు. బొటనవేలితో రుద్ది, ఆ వేలు చూసుకున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"డాక్టర్ ఏమన్నడు మేడం?"

చుట్టూ అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు.

"ఆడొచ్చన్నడు సార్" అన్నాను మళ్లీ.

ఆయన కాసేపు ఆగాడు. తర్వాత ఐసు తెమ్మని ఎవరికో చెప్పాడు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. క్లబ్బు మళ్లీ పిలవలేదు. నా బిడ్డ ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక బడిలో పిల్లలను ఆడిస్తుంది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఆ రోజు సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తదు. తల్లి ఏమంటే ఏమి, కాయితం చూడకుండా ఎలా దింపాడని ఊరు మాత్రం కోచ్‌ను వదల్లేదు. ఒక్కొక్కరే తమ పిల్లలను మాన్పించారు. కొన్నాళ్లు ఆయన వలసంచితో వచ్చి ఖాళీ గ్రౌండులో కూర్చుని పోయేవాడు. తర్వాత రావడం మానేశాడు. బస్సు కండక్టర్‌తో, కూరగాయలమ్మితో, ప్రిన్సిపాల్‌తో తగువు పడే నా నోరు ఆయన కోసం ఒక్కసారి కూడా లేవలేదు. దినాల నాడు కూడా, జాలిపడ్డ ఆ మనిషి పక్కన తల వంచుకుని తిన్నాను.

జవాబు తెలిసి కూడా అడిగి, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగడం ఆయన పద్ధతి. ఇన్నేళ్లూ దాని గురించే ఆలోచిస్తున్నాను. వేలికి పసుపు అంటిన తర్వాత ఆయన నన్నడిగిన ఆ మాట, నిజంగా తెలియక అడిగిందా, నాతోనే చెప్పించాలని అడిగిందా?