చీటీ మీద గుండ్రం

ఇది రాసి పెట్టమని నన్నెవరూ అడగలేదు. విరిగిన రోజు ఊరంతా వస్తుంది, అతికిన ఎముకను ఎవరూ పట్టించుకోరు. కానీ రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మా కొంటా వైపు మనుషులం ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకొకటి, డాక్టరు దగ్గర మరొకటి మాట్లాడతాం. వాటి మధ్య ఒక్క మాట పక్కకు జారితే ఏమవుతుందో ఎవరో ఒకరు రాసి ఉంచాలి. జారింది నా మాటే కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది చింతపండు, ఇప్పపువ్వు కొనే దుకాణం. ఒక వేసవిలో మూట తూస్తుండగా కొక్కెం జారి, కాంటా ఇనుప కడ్డీ ఎగిరి నా ముఖానికి తగిలింది. ఎడమ కన్ను కింద పై దవడ విరిగింది. జగదల్‌పూర్‌లో ఒక ప్రైవేటు డాక్టరు పళ్ళకు తీగలు చుట్టి కట్టారు. ఆరు వారాలు గంజి, జావ. ఎముక అతికింది. ఎడమ చెంప, ముక్కు పక్క, పై పెదవి సగం మాత్రం నావి కానట్టు ఉండిపోయాయి.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాను. అక్కడి కాంపౌండరు కోస్తా నుంచి వచ్చినాయన. డాక్టరు చూసేముందు చీటీ ఆయనే రాసేవాడు.

"ఏవండీ, నొప్పి ఎలా ఉంది?"

నా చదువు ఐదో తరగతితో ఆగింది, పుస్తకాల పిచ్చి ఆగలేదు. డాక్టరు దగ్గర హిందీలో చెబితేనే మర్యాద అనుకునేవాడిని. "సున్న్" అన్నాను. స్పర్శ లేదనడానికి హిందీలో అదే మాట.

"సున్నానా? ఇంకేం, అదృష్టవంతులు" అని చీటీ మీద గుండ్రం చుట్టాడు.

మొద్దుబారిన చోటుకు బొమ్మ గీశాడనుకున్నాను. ఎంత శ్రద్ధో అని మెచ్చుకున్నాను కూడా. డాక్టరు చీటీ చూసి తల ఊపి పంపేశారు. తర్వాత వెళ్ళిన రెండుసార్లూ అంతే. ఇక వెళ్ళడం మానేశాను.

పళ్ళు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. కుడివైపే నమలాలి, అన్నం సగమయ్యేసరికి కణత లాగుతుంది. చలికాలం పొద్దున చెంపలో బరువు, ముక్కు ఒక పక్క దిబ్బడ. ఎడమ కన్ను ఊరికే నీరు కారుతుంది. వీటికి అలవాటు పడ్డాను. పడలేనిది ఒకటే. పెదవికి మెతుకు అంటినా, పులుసు కారినా నాకు తెలియదు. ఒక పెళ్ళి భోజనంలో ఎదుటి వరుసలో పిల్లలు నవ్వుతుంటే, ఎందుకో తెలియక నేనూ నవ్వాను. ఆ తర్వాత నలుగురితో కూర్చుని తినలేదు. శుభకార్యానికి వెళ్ళి అక్షింతలు వేసి, ఆకలి లేదని వచ్చేసేవాడిని. ఇంట్లో గోడవైపు తిరిగి తినేవాడిని. మళ్ళీ పంక్తిలో కూర్చోవాలి, అందుకు ఆ పెదవి మేలుకోవాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేకపోయింది.

సరుకు పనిమీద భద్రాచలం వెళ్ళినప్పుడల్లా లైబ్రరీలో కూర్చునేవాడిని. అల్మరా తర్వాత అల్మరా చదివాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. శరీరశాస్త్రం పుస్తకంలో ఒకసారి పుర్రె బొమ్మ దొరికింది. కంటి గుంట కింద చిన్న రంధ్రం. అందులోంచి వచ్చే నరమే చెంపకూ పై పెదవికీ స్పర్శనిస్తుందట. నా దెబ్బ సరిగ్గా అక్కడే. బొమ్మ కాగితం మీద దించుకుని ఇంటికి తెచ్చాను.

"మందు రాసిన్రా అండ్ల?" అని అడిగింది నా భార్య.

"లేదు. నరం పేరుంది."

"పేరుతోని ఏంజేస్తరు? బారసాల జేస్తరా?"

అయినా పాత చీటీలు పట్టుకుని జగదల్‌పూర్ వెళ్ళాను. పాత డాక్టరు లేరు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చీటీలు తిరగేసి, "ఇత్నే సాల్ బోలే క్యోఁ నహీఁ?" అంది. ఇన్నేళ్ళు చెప్పలేదేమని.

"బోలా థా, మేడమ్. సున్న్ బోలా థా." చెప్పాననే అన్నాను.

ఆమె గుండ్రం మీద వేలు పెట్టింది. మూడు చీటీల్లోనూ నొప్పికి ఎదురుగా సున్నా. అది బొమ్మ కాదని నాకు అప్పుడు తెలిసింది.

మొదట్లోనే తెలిస్తే నరం మీది ఒత్తిడి తీసే ప్రయత్నం చేసేవాళ్ళమంది. తప్పక తగ్గేదని మాత్రం చెప్పలేనంది. ఇప్పుడిక ఇంతే. తిరుగు బస్సులో కాంపౌండరు మీద కోపం వస్తుందేమోనని చూశాను. ఆయన అడిగింది నొప్పి గురించి, నొప్పి నిజంగానే లేదు. కోపం రాలేదు, నిద్ర వచ్చింది.

నెల తర్వాత మా తమ్ముడి మనవడి అన్నప్రాసన. పెదవి మేలుకోదని తేలిపోయాక దాచడానికి ఓపిక లేదు. ఆకు ముందు కూర్చుని, పక్కనున్న ముసలాయనతో, మామయ్య వరస, చెప్పాను. ఈ పక్క నాకు తెలియదు, మెతుకుంటే చెప్పమని.

"ఓస్, గింతేనా. పుస్తకాలు సదివి పొగరెక్కి మాతోని తింటలేవనుకున్నం గదరా ఇన్నేండ్లు." రెండు ముద్దలు తిన్నాక, "తుడువు. పప్పు" అన్నాడు.

భోజనం ముగిసేలోపు మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి తన మాటల్లో పడి మరిచిపోయాడని, చేయి కడుక్కునే చోట అద్దం చూస్తే తెలిసింది.

పేర్లు రాస్తే ఎవరో ఒకరు మిగిలిపోతారు, వరసలే రాస్తున్నాను. ఆరు వారాలు గంజి వడగట్టి పోసిన మా అమ్మకు, బొమ్మ దించుకోవడానికి తన పెన్సిలిచ్చిన లైబ్రేరియన్ గారికి, లేని ఆశ పెట్టని డాక్టరమ్మకు, గోడవైపు తిరిగిన మనిషికి ఇన్నేళ్ళు వడ్డించిన నా భార్యకు దండాలు. మామయ్యకు కూడా. ఆయనకు చూపు తగ్గుతోందట. అయినా వచ్చే పంక్తిలోనూ ఆయన పక్కనే కూర్చుంటాను.