వీడియోల కనపడని నేను

కడుపుల దాచుకున్న మాట మెల్లగ కడుపునే తింటదని మా అవ్వ అనేది. నన్ను చానా ఏండ్ల సంది తింటున్నది. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. మీరెవరో నాకు ఎరుక లేదు. గందుకే మీకు చెప్పబుద్ధయితున్నది.

నేను నాలుగో తరగతి దాటలే. కానీ నా యాది గట్టిది. ఎవరి పెండ్లిల ఎవరు ఏ మాటకు అలిగిన్రో, అలిగి ఎంత దూరం పోయి మళ్లా ఎందుకు తిరిగొచ్చిన్రో, అన్నీ పూస గుచ్చినట్టు చెప్తా. కొత్తపేటల మా గల్లీ ఆడోళ్లంత పొద్దూకితే మా ఇంట్లనే ఉండేది. నేను చెప్తే ఇగ దానికి తిరుగు లేదు. గదే నా గర్వం.

తెలంగాణ కోసం కొట్లాడే దినాలు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. బండ్లు ఆపి, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకొని తినుడు. మా గల్లీ వంట నా చేతిల పెట్టిన్రు. బియ్యం వచ్చింది, చింతపండు వచ్చింది, నూనె ఎవ్వరు తేలే. బంద్ కదా, దుకాణాలన్నీ మూసిన్రు. గల్లీ మొగదల మెస్ నడిపే వెంకటరత్నం గారి దగ్గరికి ఉరికిన. గుంటూరు దిక్కు మనిషి.

అడిగితే నవ్విండు. "మమ్మల్ని పొమ్మని అరవడానికి మా నూనెతోనే పోపా చెల్లెమ్మా? సరేలే, తినేవాళ్లే కదా. తెస్తాను."

"రోడ్డు మీదికి తేకు అన్నా. టెంట్‌హౌస్ గోదాం పక్క సందుల పెట్టి పో. ఎవరి కంట పడకు. నా పేరు చెప్పకు," అన్న. ఆంధ్రాయన దగ్గర నూనె అడుక్కున్నదని నన్ను నవ్వుతరని నా భయం.

ఆయన అట్లనే పెట్టి పోయిండు. నేను పోయి తెచ్చుకున్న, అడిగినోళ్లకు మా ఇంట్లదే అన్న. పులిహోరకు పోపు పెట్టిన. అందరు మస్తుగున్నదని తిన్నరు. చేతులు కడుగుతుంటే గోదాంల నుంచి పొగ లేచింది. లోపలంత షామియానాలు, పరుపులు. ఆగుతదా మంట? కాపలా ఉండే ముసలాయన మల్లయ్య లోపలనే పండుకున్నడు. బయటికి రాలే.

వైరు కాలి అంటుకున్నదని ఫైరింజనోళ్లు చెప్పిన్రు. ఎవరు నమ్ముతరు? వీడియో ఉన్నదాయె.

ఎదురు మేడ మీదికెల్లి ఎవరో వంటావార్పును ఆపుకుంట ఆపుకుంట సెల్‌ఫోన్ల తీసిన్రు. అండ్ల సందు గూడ పడ్డది. ఒక మనిషి వస్తడు. అటూ ఇటూ చూస్తడు. గోడ పొంటి డబ్బా పెట్టి జల్ది జల్ది పోతడు. మొఖం కనపడదు. ఫోన్ రోడ్డు దిక్కు తిరుగుతది. మళ్లా సందు కనపడేసరికి పొగ. నడుమల నేనొచ్చి డబ్బా ఎత్తుకపోయింది అండ్ల లేదు.

ఒక ఫోన్ల నుంచి ఇంకో ఫోన్లకు గల్లీ అంత పాకింది. నాకు వరుసకు కోడలయ్యే స్వరూప దాన్ని టీవీల పెట్టింది. ఆపుడు, ఎనకకు తిప్పుడు, మళ్లా చూసుడు. "డబ్బా జూడు, కిరసనాయిలే" అని ఒకామె. "దొంగ కాకపోతే అటూ ఇటూ ఎందుకు చూస్తడు? మన ఉద్యమాన్ని బద్నాం చేయనీకే" అని ఇంకొకామె. అటూ ఇటూ ఎందుకు చూసిండో నాకు తెలుసు. చూడమన్నదే నేను.

స్వరూప నా దిక్కు తిరిగింది. "నీకు గాక ఎవరికి యాదుంటది అత్తా? గీ నడక ఎవలది?"

అందరు నా నోటి దిక్కే చూస్తున్నరు. తెల్వదంటే అయిపోతుండె. కానీ నా నోటికి ఆ మాట అలవాటు లేదు.

"ఎడమ కాలు ఈడుస్తుండు కదా. మెస్సాయనే," అన్న.

నూనె సంగతి గూడ చెప్దామనే ఉండె. నిజంగ ఉండెనా? ఇప్పుడు నాకే నమ్మకం లేదు. నేను నోరు తెరిచేలోపు అందరు "చూసినవా, చెప్పలే!" అని లేచిన్రు. ఇగ నన్నెవరు వింటరు అనుకున్న. అబద్ధం. నేను చెప్తే వినకపోవుడు ఆ గల్లీల ఎన్నడన్న ఉన్నదా?

తెల్లారి మెస్సు మీద రాళ్లు పడ్డయ్. మల్లయ్య కొడుకు వచ్చి వెంకటరత్నం గారి గల్లా పట్టిండు. పోలీసులు పిలిచి అడిగి ఇడిచిపెట్టిన్రు. వంటకు నూనె తెచ్చిన అని ఆయన చెప్తనే ఉన్నడు. ఎవరడిగిన్రంటే మాత్రం చెప్పలే.

ఆయన భార్య అనసూయమ్మ మా ఎనక తలుపు కొట్టింది. "వదినా, మీకు మాటిచ్చారట, మీ పేరు ఎత్తరట. ఆయన పిచ్చి ఆయనది. మీరే ఒక్క ముక్క చెప్పండి, చాలు."

"ఏం నూనె వదినా? నాకు యాది లేదు," అన్న.

ఆమె కొంగు సవరించుకొని వచ్చిన దారినే మర్లిపోయింది. ఆ నెలల్నే మెస్సు ఖాళీ చేసిన్రు. తెలంగాణ వచ్చింది, గల్లీల మిఠాయిలు పంచిన్రు, నేను గూడ పంచిన. మెస్సాయన వాళ్ల ఊర్ల సచ్చిపోయిండని అటెన్క తెలిసింది. అనసూయమ్మ ఎల్బీనగర్ల చెల్లె దగ్గర ఉంటదని ఎవరో అంటే ఒకసారి పోయిన. పైన బట్టలు ఆరేస్తున్నది. కింద నిలబడి చూసి మళ్లా బస్సెక్కిన. మాఫీ అడిగే మొఖం లేదు. ఇస్తె తీసుకునే మొఖం అసలే లేదు.

మల్లయ్య కొడుకు ఇప్పటికీ ఆ వీడియో ఫోన్ల పెట్టుకున్నడు. ఏటా వాళ్ల నాయిన పోయిన దినం అందరికి చూపెడతడు. నేను గూడ కూసొని చూస్తా.

గింత రాసినంక ఊపిరి జర ఆడుతున్నది. వెంకటరత్నం గారు మంట పెట్టలే. నాకు ఎరుకే. ఆ దినమే ఎరుకే.