గాలి బాబాయ్ నీళ్ళ తొట్టి

ఆయన్ని అందరూ గాలి బాబాయ్ అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. పరిగెత్తేవాళ్ళు వదిలిన ఊపిరిని సంచుల్లో పట్టడం ఆయన ఉద్యోగం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, మొదట్లో వాళ్ళావిడ కూడా నవ్వింది.

అంతకుముందు కాలేజీ గేటు పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. ఒకరోజు డాక్టరుగారు దుప్పటంత రబ్బరు సంచిని చంకన పెట్టుకొచ్చి, "చిల్లు పడిందోయ్, వేయగలవా?" అని అడిగారు.

"గాలి నిలవాల్సింది ఏదైనా వేస్తానండీ" అన్నాడు. ఆ ముక్కకే ల్యాబులో ఉద్యోగం వచ్చింది.

ల్యాబంటే పొడుగాటి గది. మధ్యలో పరుగు యంత్రం. కింద పట్టా తిరుగుతుంటే మనిషి ఉన్నచోటే పరిగెత్తాలి. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. వేగం పెంచుకుంటూ పోతారు. ఇక ఒక్క నిమిషమే నా వల్ల అవుతుందని రన్నరు చెయ్యి ఊపగానే, బాబాయ్ కుళాయి తిప్పి ఆ ఆఖరి నిమిషం ఊపిరంతా సంచిలోకి పట్టాలి. దాన్ని కొలిస్తే ఒళ్ళు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో తేలుతుంది. ఎంత ఎక్కువైతే దూరపు పరుగులకు అంత పనికొస్తారని లెక్క. "గడియారం అబద్ధమాడుతుందేమో గానీ సంచి ఆడదోయ్" అనేవారు డాక్టరుగారు.

అందుకే పొద్దున్నే సంచిని ఉబ్బించి, మూలనున్న నీళ్ళ తొట్టిలో అంచు అంచునా ముంచి చూడాలి. బుడగ రాకపోతేనే కొక్కేనికి తగిలించాలి.

ఆ రోజులే వేరు. గుమ్మం బయట బురద బూట్ల వరస, లోపల నొప్పుల మందు ఘాటు. పతకం గెలిచినవాళ్ళు ముందు ఇక్కడికే వచ్చి సంచి కొక్కేనికి దాన్ని తగిలించి మురిసిపోయేవారు. బాబాయ్ కూడా తనే గెలిచినట్టు మీసం దువ్వుకునేవాడు.

వాళ్ళలో బక్కపిల్ల ఒకతె. టైలరమ్మ కూతురు. అన్న బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని పరిగెత్తేది. మైదానంలో పది చుట్లు కొట్టాక కూడా ఆమెను దాటినవాళ్ళు లేరు. ఆ ఏడు ఎనిమిది మందిని పరీక్షించి ఆరుగుర్ని శిక్షణకు పంపుతామన్నారు.

మనిషికో సంచి సిద్ధం చేయాలి. సరిగ్గా ఆ పరీక్ష పొద్దునే బాబాయ్ గేటు దగ్గర పాత దోస్తుతో తన అతుకుల గొప్పలు చెప్పుకుంటూ ఆలస్యం చేశాడు. "నేను వేసిన అతుకు నాకు తెలీదా" అనుకుని, అతుకు వేసిన సంచిని ముంచకుండానే తగిలించాడు. ఎంత పొగరో చూడండి.

ఆ సంచే బక్కపిల్ల వంతుకొచ్చింది. ఆమె అంకె అందరికన్నా తక్కువ వచ్చింది. డాక్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశారు. సంచి అబద్ధమాడదు కదా, అదే రాసుకున్నారు. సాయంత్రం అందరూ వెళ్ళాక బాబాయ్ ఆ సంచి ముంచాడు. తన అతుకు పక్కనుంచే బుడగలు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడూ రేపే అనుకున్నాడు. నాలుగో రోజుకు ఆమె పేరు లేకుండానే జాబితా వెళ్ళిపోయింది. ఇంకేం చెబుతాడు?

ఆనాటి నుంచి రోజుకు రెండుసార్లు ముంచాడు, ముప్ఫై ఏళ్ళు. చాదస్తమని కుర్రకారు నవ్వినా మానలేదు.

రిటైరయ్యే రోజున ఒకావిడ కూతుర్ని పరీక్షకు తీసుకొచ్చింది. కొత్త కంప్యూటరు మిషను రిపేరులో ఉంది, అందుకని పాత సంచే దిగింది. ఆవిడ మెడలో కొలతల టేపు చూడగానే బాబాయ్ ఆనాటి బక్కపిల్లని గుర్తుపట్టాడు.

"అమ్మా, ఆ రోజు నీ సంచి..." అని మొదలుపెట్టాడు.

"తెలుసు బాబాయ్" అంది ఆవిడ. "చెప్పులు మర్చిపోయి వెనక్కొచ్చాను. కిటికీలోంచి చూశాను, తొట్టి నిండా బుడగలు."

"మరి అడగలేదేమ్మా?"

"నువ్వే చెప్తావని చూశా. మూడ్రోజులు గేటు దగ్గరే నిలబడ్డా. నువ్వు వెనక గేటులోంచి వెళ్ళిపోయావు. మరుసటేడు అమ్మకి చూపు మందగించింది. కుట్టు మిషన్ మీద నేను కూర్చున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాబాయ్‌కి కాస్త తేలికయ్యేది. ఆయన కళ్ళు తుడుచుకుని, సంచి అందుకుని తొట్టి వైపు నడిచాడు.

"ఇలా ఇవ్వు, నేను ముంచుతా" అంది.

బట్ట కుట్టు పట్టి చూసే వేళ్ళతో అంచంతా నొక్కుతూ ముంచింది. అతుకు దగ్గర ఆగి, మళ్ళీ నొక్కింది. ఒక్క బుడగ రాలేదు.

"బాగుంది. ఎక్కవే" అంది కూతురితో.

పిల్ల పరిగెత్తింది. అచ్చం తల్లి అడుగే. చివరికి చెయ్యి ఊపింది. బాబాయ్ కుళాయి తిప్పాడు. సంచి నిండుతున్నంతసేపూ ఆవిడ అరచేయి ఆ అతుకు మీదే ఉంది. తీయమని ఆయన అనలేదు.